చెట్టు చెప్పిన పేరు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిడత గుర్తింపు చరిత్ర

తెలుగులో మిడత అనే మాట రెండు వేర్వేరు అనుభవాలను మోస్తూ వచ్చింది. చేల గట్ల మీద, బీళ్లలో, జిల్లేడు పొదల్లో ఒంటిగానో పది పదిహేనుగానో కనిపించే ప్రాణి ఒకటి కాగా, ఆకాశం కమ్ముకొని వచ్చి వాలిన చోట పచ్చదనం మిగల్చని దండు రెండోది. రాజ్యానికి కలిగే ఉపద్రవాలను ప్రాచీనులు ఈతిబాధలన్నారు. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పక్కనే పొంచి ఉండే శత్రురాజులు అనే ఆ ఆరింటిలో మిడతకు దక్కిన సంస్కృత నామం శలభం. దీపానికి ఆకర్షితమై మాడిపోయే రెక్కల పురుగును కూడా కవులు ఆ పేరుతోనే పిలిచారు. 1832-33 నాటి డొక్కల కరువు కాలంలో గుంటూరులో ఉద్యోగం చేసిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో వెలువరించిన నిఘంటువులోనూ గడ్డిలో ఎగిరే మిడతకూ, దండుగా వచ్చే మిడతకూ తెలుగు మాట ఒకటే. ఇక గొల్లభామ అనే పేరు కొన్ని చోట్ల ముందు కాళ్లు జోడించి కూర్చునే వేట పురుగుకూ, మరికొన్ని చోట్ల మిడతకూ చెల్లుతుంది.

పేర్లు ఇలా కలిసిపోయిన చోట భయాలు కూడా కలిసిపోతాయి. అయితే పేరు ఒకటే అయినంత మాత్రాన చూపు కూడా ఒకటేనని అనుకోవడానికి వీలులేదు. కృష్ణకు దక్షిణాన సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేటల మీదుగా పర్చూరు, అద్దంకి, ఒంగోలు వరకు సాగే నల్లరేగడి మైదానంలో ఏ మిడత ఏదో పోల్చుకొనే విద్యకు ఒక చరిత్ర ఉంది. ఆ విద్య సేద్యగాడి అనుభవంలో పుట్టి, ఐరోపా గ్రంథాల్లో లాటిన్ పేర్లు పొంది, వ్యవసాయ పరిశోధన కేంద్రాల ద్వారా మళ్లీ ఈ నేలకే చేరింది. పురుగుమందుల కాలంలో అది మరుగున పడింది.

నేల, పైరు, పురుగు

ఈ మైదానం పాలనాపరంగా అనేక మార్పులు చూసింది. 1859లో గుంటూరు జిల్లా కృష్ణా జిల్లాలో కలిసిపోయి, 1904లో తిరిగి వేరుపడింది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా రేగడి నేల స్వభావం మారలేదు. వేసవిలో నెర్రెలు విచ్చి, తొలకరికి ఉబ్బి, వాన నిలిచాక కూడా చెమ్మను చాలాకాలం పట్టి ఉంచే ఈ నేలలో పందొమ్మిదో శతాబ్దంలో జొన్న, వరిగ, ఆముదం వంటి మెట్ట పైర్లు పండేవి; వాటితో పాటు వ్యాపారులు కోకనాడ పత్తి అని పిలిచిన, కొంచెం ఎరుపు చాయ ఉండే నాటు పత్తి పండేది. మిరప ఈ ప్రాంతపు ప్రధాన వాణిజ్య పంటగా విస్తరించడం, సంకర పత్తి ఊళ్లకు ఊళ్లను ఆక్రమించడం ఇరవయ్యో శతాబ్దపు పరిణామాలు.

మిడత జీవితం ఈ నేలతో గాఢంగా పెనవేసుకొని ఉంటుంది. ఆడ మిడత తన పొట్ట కొసను మట్టిలోకి దించి, గుడ్లను గుత్తిగా పెట్టి, నురుగు వంటి ద్రవంతో కప్పుతుంది. ఆ నురుగు గట్టిపడి గుడ్లకు సంచిలా కాపు కాస్తుంది. చాలా జాతుల గుడ్లు ఎండకాలమంతా మట్టిలోనే ఉండి, మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు చెమ్మ తగిలాక పొదుగుతాయి. వేసవి దుక్కి దున్నితే పురుగు తగ్గుతుందని రైతులు చెప్పే మాటకు ఆధారం ఇదే: నాగలి తిరగేసిన మట్టిలోంచి బయటపడిన గుడ్ల గుత్తులు ఎండకు ఎండిపోతాయి, లేదా నాగలి వెంట నడిచే కొంగలకు, గోరింకలకు ఆహారమవుతాయి. గుడ్డులోంచి వచ్చే పిల్లకు గొంగళి దశ గానీ, ప్యూపా దశ గానీ ఉండదు. అది పుట్టుకతోనే రెక్కలు లేని చిన్న మిడత, చర్మం విడిచిన ప్రతిసారీ కొంత పెరుగుతూ చివరి విడుపుతో రెక్కలు పూర్తిగా పొందుతుంది.

సేద్యగాడు మిడతలను వేరు చేసిన తీరులో శాస్త్రజ్ఞుడు కూడా గౌరవించవలసిన పద్ధతి ఉంది. అతను పురుగును అది తినే మొక్కను బట్టి, అది తిరిగే చోటును బట్టి పోల్చుకున్నాడు. జిల్లేడు మీద కనిపించేది జిల్లేడు మిడత, పొగాకు ఆకును తొలిచేది పొగాకు మిడత, వరి మడిలో ఉండేది వరి మిడత, మొలకల మధ్య మట్టి రంగులో మట్టిని కరుచుకొని ఉండేది నేల మిడత. పురుగుకూ మొక్కకూ ఉన్న ఈ సంబంధాన్ని నేటి కీటకశాస్త్రం ఆతిథేయ మొక్క అనే మాటతో చెబుతుంది. ఒక పురుగు జీవించడానికి, ఎదగడానికి ఆశ్రయించే మొక్క అని దాని అర్థం. గుర్తింపు పనిలో నేటికీ మొదట అడిగే ప్రశ్న అదే.

జిల్లేడు మిడత

ఈ ప్రాంతపు దేశీయ మిడతల్లో పోల్చడానికి అత్యంత సులువైనది జిల్లేడు మిడత. రథసప్తమి నాడు తల మీద, భుజాల మీద ఆకులు పెట్టుకొని స్నానం చేయడానికీ, వినాయక చవితి పత్రిలో అర్కపత్రంగానూ తెలుగువారు ఆదరించే జిల్లేడు, తన పాలలోని విషం వల్ల పశువులు ముట్టని మొక్క కూడా. ఆ విషం గుండె కొట్టుకొనే తీరును దెబ్బతీసే రసాయనాల సమూహం. దాన్ని నిరపాయంగా తిని, ఒంట్లో దాచుకొని, తన రక్షణకే వాడుకొనే కొద్ది ప్రాణుల్లో ఈ మిడత ఒకటి.

పెరిగిన జిల్లేడు మిడత ఒళ్లు పసుపు పచ్చగా ఉండి, దాని మీద నీలి ఆకుపచ్చ పట్టీలు కనిపిస్తాయి. పై రెక్కలు ఆకుపచ్చగా ఉండి వాటి మీద పసుపు చుక్కలుంటాయి. ఎగిరినప్పుడు మాత్రమే బయటపడే లోపలి రెక్కలు లేత ఎరుపు. పిల్లలు లేత పసుపు రంగులో, సన్నని నల్ల గీతలతో, ఎర్రని చుక్కలతో వేరే జాతివేమో అనిపించేలా ఉంటాయి. మిగతా మిడతలు ఆకులో ఆకుగా, మట్టిలో మట్టిగా కలిసిపోవాలని చూస్తే, ఇది దూరం నుంచే కనబడాలని కోరుకున్నట్టు రంగులు ధరిస్తుంది. తనను తింటే చేదు, విషం అని పక్షులకు ముందే తెలిపే ఈ ఏర్పాటును శాస్త్రం హెచ్చరిక రంగు అంటుంది. పిల్ల మిడతను పట్టుకుంటే అది తన వీపు భాగంలోని గ్రంథి నుంచి ద్రవాన్ని పిచికారీలా చిమ్ముతుంది. తొందరపాటు లేని నడక, మనిషి దగ్గరికి వెళ్లినా వెంటనే ఎగరని నిదానం కూడా దీని గుర్తులే.

జిల్లేడు కరువైనప్పుడు ఈ మిడత పక్కనున్న ఇతర మొక్కల మీదికి పోయి కొరికే మాట నిజమే. అయినా దాని ఇల్లు జిల్లేడు పొద. గుంపుగా కనిపించినా అది ఒక పొద మీది గుంపు, దేశాలు దాటే దండు కాదు.

లాటిన్ పేర్లు పుట్టిన వైనం

కోరమండల్ తీరపు పురుగులు ఐరోపా శాస్త్ర గ్రంథాల్లోకి పద్దెనిమిదో శతాబ్దంలో ప్రవేశించాయి. స్వీడన్‌కు చెందిన కార్ల్ లిన్నేయస్ ప్రతి ప్రాణికీ ప్రజాతి పేరు, జాతి పేరు అనే రెండు మాటల నామకరణ పద్ధతిని జంతువులకు 1758లో స్థిరపరచగా, ఆయన శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో డేనిష్ స్థావరమైన తరంగంబాడికి వచ్చి, తీరమంతా తిరుగుతూ మొక్కలను, జంతువులను సేకరించి, 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో మరణించాడు. లిన్నేయస్‌కే మరో శిష్యుడైన డేనిష్ శాస్త్రజ్ఞుడు యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిషియస్ ఐరోపా సంగ్రహాలకు చేరిన కీటకాలకు వేల సంఖ్యలో పేర్లు పెట్టాడు. జిల్లేడు మిడతను ఆయన 1775లో వర్ణించాడు; నేడు దాని పూర్తి పేరు పోయెకిలోసెరస్ పిక్టస్. ఇందులో మొదటి మాటకు గ్రీకులో రంగురంగుల కొమ్ములు కలది అనీ, రెండో మాటకు లాటిన్‌లో చిత్రించినది అనీ అర్థం. మిరప, పొగాకు ఆకుల మీద కనిపించే కోసుతల పచ్చ మిడత అట్రాక్టోమార్ఫా క్రెన్యులాటాకు 1793లో, డెల్టా వరి మళ్లలోని హీరోగ్లిఫస్ బానియన్‌కు 1798లో పేర్లు పెట్టినవాడు కూడా ఫాబ్రిషియసే. వరి మిడత మెడ మీది నల్ల గీతలు ఈజిప్టు బొమ్మల లిపిని తలపించినందున దాని ప్రజాతికి ఆ లిపి పేరు వచ్చింది.

ఈ నామకరణం వల్ల ఒక లాభం, ఒక లోటు కలిగాయి. గుంటూరులో చూసిన పురుగు, తిరుచిరాపల్లిలో చూసిన పురుగు ఒకటేనా అనే ప్రశ్నకు జవాబు చెప్పే వీలు ఏర్పడడం లాభం. సూదికి గుచ్చిన ఎండు నమూనాలో రంగు వెలిసిపోతుంది, అది ఏ మొక్క మీద ఏ కార్తెలో దొరికిందో చాలాసార్లు చీటీ మీద ఉండదు. చెట్టుతో ముడిపడిన జ్ఞానం ఆ దూర ప్రయాణంలో జారిపోవడం లోటు.

పోల్చే విద్య

మైదానంలో మిడతను గుర్తించే పద్ధతి కొన్ని మెట్లుగా సాగుతుంది. మొదట చూడవలసినవి మీసాలు, అంటే తల మీది స్పర్శ కొమ్ములు; ఒంటి కంటే పొట్టిగా, కొంచెం మందంగా ఉంటే అది మిడత, దారంలా ఒంటిని దాటి సాగితే అది రాత్రిపూట కూసే కీచురాళ్ల వైపు బంధువు. మిడత చెవి తల మీద కాక పొట్ట మొదటి ఖండం పక్కన పలుచని పొరగా ఉంటుంది. రెక్కలు పొట్టిగా కనిపిస్తే అది పిల్లా, రెక్కలు పెరగని జాతికి చెందిన పెద్దదా అని తేల్చుకోవాలి. ఎదిగే పిల్లలో లోపలి రెక్కల మొగ్గలు పై రెక్కల మొగ్గల మీదికి వచ్చి ఉంటాయి, పెద్దదానిలో పై రెక్కలే పైన ఉంటాయి.

ఆ తరువాత కుటుంబాన్ని తేల్చాలి. తల కోసుగా ఉండి, నడినెత్తి ముందు భాగంలో సన్నని గాడి ఉంటే అది పిర్గోమార్ఫిడే కుటుంబం. జిల్లేడు మిడత, పొగాకు మిడత, నేల మిడత ఈ మూడూ అందులోవే. పొగాకు మిడత సన్నగా, పచ్చగా ఉండి, కంటి వెనుక నుంచి మెడ కవచం అంచు వెంబడి చిన్న గింజల వరుస కలిగి ఉంటుంది. నేల మిడత అయిన క్రోటోగోనస్ బల్లపరుపు ఒంటితో, గరుకు బుడిపెలతో, మట్టి రంగుతో అప్పుడే మొలిచిన పత్తి, జొన్న మొలకలను కొరుకుతుంది. గాడి లేనివి సాధారణంగా అక్రిడిడే అనే పెద్ద కుటుంబానికి చెందుతాయి. కత్తిలాంటి చదును మీసాలతో, ఏటవాలుగా సాగిన తలతో గడ్డిపోచను పోలే అక్రిడా ఆ కుటుంబంలోదే, దండు మిడతలూ ఆ కుటుంబంలోవే.

పత్తి చేలల్లో కనిపించే సిర్టకాంతాక్రిస్ టటారికా అనే పెద్ద గోధుమ రంగు మిడతను దండు మిడతగా పొరబడే అవకాశం ఎక్కువ. దానికి వీపు మీద లేత రంగు వెడల్పు చార, రెక్కల మీద పెద్ద ముదురు మచ్చలు ఉంటాయి. ఇక్కడ తీర్పు చెప్పేది పురుగును తిరగేసి చూస్తే ముందు కాళ్ల నడుమ కనిపించే మేకు వంటి బుడిపె: టటారికాలో అది వెనక్కి వంగి ఉంటుంది, దండు కట్టే ఎడారి మిడతలో నిటారుగా ఉంటుంది. పంటను గురించిన పెద్ద నిర్ణయం ఒక్కోసారి ఇంత చిన్న గుర్తు మీద నిలుస్తుంది.

సర్కారు కీటకశాస్త్రం

ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఇరవై ఏళ్లలో ఈ విద్య సర్కారు వ్యవసాయ శాఖల్లో నిలదొక్కుకుంది. 1901 నుంచి 1908 వరకు బొంబాయి మిడత పశ్చిమ, మధ్య భారతాలను పీడించిన కాలంలోనే బిహార్‌లోని పూసాలో 1905లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడి కీటకశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో భారతదేశపు చీడపురుగుల మీద, 1909లో భారత కీటక జీవనం మీద గ్రంథాలు వెలువరించాడు. మైసూరు సంస్థానంలో 1908లో చేరిన కెనడా శాస్త్రజ్ఞుడు లెస్లీ కోల్మన్ జొన్నను నాశనం చేస్తున్న రెక్కలు లేని మిడతను అధ్యయనం చేయగా, మాడ్రిడ్‌లోని ఇగ్నాసియో బొలీవర్ 1910లో దానికి కోల్మానియా స్ఫెనారియాయిడెస్ అని ఆయన పేరే పెట్టాడు. పుట్టిన చోటు నుంచి ఎగిరి పోలేని ఆ మిడతను గుర్తించడంతోనే చికిత్స కూడా దొరికింది: గుడ్లు ఎక్కడ పెడుతుందో తెలుసుకొని నేల దున్నడం, పిల్లలు గుంపులుగా ఉన్నప్పుడు గోనెల వంటి పెద్ద సంచులతో పట్టడం.

1914లో రెండు గ్రంథాలు వచ్చాయి. విలియం కిర్బీ మరణానంతరం ప్రచురితమైన బ్రిటిష్ ఇండియా జంతుజాల సంపుటి భారతదేశపు పొట్టి కొమ్ముల మిడతలన్నిటినీ ఒక చోటికి తెచ్చింది. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ మద్రాసులో వెలువరించిన దక్షిణ భారత కీటకాల గ్రంథం పురుగును పైరుతో, కాలంతో, నష్టంతో ముడిపెట్టి వర్ణించింది. మొదటిది నమూనా ఉన్న పెట్టెను చూసి రాసినదైతే రెండోది చేను చూసి రాసినది. సేద్యగాడి వర్గీకరణకు ఫ్లెచర్ పద్ధతి దగ్గరి చుట్టం. 1922లో గుంటూరు పక్కన లాంలో పరిశోధన క్షేత్రం, 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడడంతో పురుగును పట్టి, ఎండబెట్టి, చీటీ రాసి, పేరు తేల్చే పని ఈ మైదానపు పిల్లల చదువులో భాగమైంది. కళాశాల విద్యార్థి తప్పనిసరిగా తయారుచేయవలసిన కీటకాల పెట్టెలో జిల్లేడు మిడతకు చోటు దొరకని సందర్భం అరుదు.

ఇదే కాలంలో దండు మిడత రహస్యం కూడా వీడింది. రష్యా సామ్రాజ్యంలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన బోరిస్ ఉవారోవ్, వేర్వేరు జాతులుగా భావించిన ఒంటరి మిడత, దండు మిడత ఒకే జాతికి చెందిన రెండు అవస్థలు కావచ్చునని 1921లో ప్రతిపాదించాడు. వానలు, మేత, గుంపు ఒత్తిడి కలిసినప్పుడు కొన్ని జాతుల్లో మాత్రమే రంగు, నడత, ఒడ్డూ పొడుగూ మారి దండు ఏర్పడుతుంది. అందువల్ల మిడతను చూసి కలిగే భయం ఆధారం లేనిది కాదు. ఆ భయం ఏ జాతికి చెందాలో తెలియడమే ముఖ్యం. ఈ జ్ఞానం పునాదిగా 1939లో భారతదేశంలో మిడతల హెచ్చరిక సంస్థ ఏర్పడి, ప్రధానంగా రాజస్థాన్, గుజరాత్ ఎడారి సరిహద్దుల మీద కన్నేసి ఉంచింది.

పేరు అడగని మందు

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో ఈ మైదానంలో చాలా భాగం స్వరూపం మారిపోయింది. జొన్న, వరిగ తగ్గి, సంకర పత్తి, మిరప, పొగాకు పెరిగాయి. పెట్టుబడి పెరిగిన కొద్దీ పురుగును చూసి పోల్చే ఓపిక కంటే చల్లి చంపే తొందర ఎక్కువైంది. 1980ల్లో కొత్త తరహా సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు పత్తి చేలల్లోకి విరివిగా వచ్చాయి. దశాబ్దం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచెత్తింది. తెల్లదోమను అదుపులో ఉంచే మిత్ర పురుగులు ఆ మందులకు చనిపోవడం అందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. అప్పులు పెరిగి, 1987-88లో ఈ ప్రాంతపు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న విషాదం రాష్ట్ర చరిత్రలో చెరగని గాయం. మందు అన్ని పురుగులనూ ఒకే పేరుతో పిలుస్తుంది. ఏది పైరును తినేదో, ఏది పైరును తినేదాన్ని తినేదో, ఏది గట్టు మీది జిల్లేడుతోనే తృప్తి పడేదో అది అడగదు.

గుర్తింపు విలువ 2020 మే నెలాఖరులో మరోసారి తెలిసింది. ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల వరకు వచ్చిన రోజుల్లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టు మీద గుంపుగా వాలిన మిడతలను చూసి జనం భయపడ్డారు. అవి దండు మిడతలు కావనీ, స్థానికమైన జిల్లేడు మిడతలేననీ శాస్త్రజ్ఞులు చెప్పాక ఆందోళన సద్దుమణిగింది. వాటి పేరును అవి కూర్చున్న చెట్టే చెబుతోంది. తాతల కాలపు రైతుకు ఆ చెట్టు భాష తెలుసు.

2021లో గుంటూరు మిరపను దెబ్బతీసిన కొత్త తామర పురుగు ఇదే పాఠాన్ని చేదుగా నేర్పింది. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని తేల్చే మిరప రైతు అనుభవానికి, పూలలో చేరి పిందె నిలవకుండా చేసే ఈ కొత్త జాతి అందలేదు. అలవాటైన మందులు పదే పదే చల్లినా ఫలితం దక్కలేదు. పరాయి దేశం నుంచి వచ్చిన జాతి ఇదని పేరు తేలాకే నీలి రంగు జిగురు అట్టలు, మిత్ర శిలీంధ్రాలు వంటి మార్గాలను శాస్త్రజ్ఞులు సూచించగలిగారు.

తెలుగువారి ఇళ్లలో చెప్పుకొనే మిడతంభొట్లు కథలో రాజు పిడికిట్లో మిడతను దాచి అందులో ఏముందో చెప్పమంటాడు. తన చావు మూడిందనుకున్న ఆ అమాయకుడు తన పేరు తలచుకొని ఏడిస్తే అదే సరైన జవాబై ప్రాణం నిలుస్తుంది. కథలో యాదృచ్ఛికం కాపాడింది. చేను యాదృచ్ఛికం మీద బతకదు. అక్కడ పిడికిలి విప్పాలి, పురుగును తిరగేయాలి, అది వాలిన చెట్టును చూడాలి. కోనిగ్ నుంచి లాం, బాపట్లల వరకు శాస్త్రం రెండున్నర శతాబ్దాలుగా చేసిన పని అదే. నల్లరేగడి సేద్యగాడు అంతకంటే ముందే మొదలుపెట్టిన పనీ అదే. గట్టు మీది జిల్లేడు పొదను కొట్టివేయకుండా వదిలిన ప్రతి ఊళ్లో ఆ పాఠశాల ఇంకా తెరిచే ఉంది.